బోంజూరమ్మ గారి డాక్టరు నాన్న

ఆ బడిలో ఫ్రెంచి చదివిన పిల్లలందరికీ నాన్న ఒక్కడే. ఆయన డాక్టరు. పొడుగ్గా ఉంటాడు, కళ్ళజోడు పెట్టుకుంటాడు, సాయంత్రం పూట తోటలో మొక్కలకు నీళ్ళు పోస్తాడు. పాలవాడి కొడుక్కీ ఆయనే నాన్న, ప్లీడరు గారి కూతురికీ ఆయనే నాన్న. పరీక్షలో "నా కుటుంబం" అన్న ప్రశ్న ఎలాగూ వస్తుంది, పిల్లలు ఎలాగూ ఆ డాక్టరునే దింపుతారు, మార్కులు ఎలాగూ పడతాయి. "మనమంతా ఒక్క తండ్రి బిడ్డలంరా" అని వాళ్ళు వరండాలో నవ్వుకునేవాళ్ళు.

నోట్సులో ఆ నాన్నను కన్నతల్లి ఫ్రెంచి టీచరు బోంజూరమ్మ. క్లాసులోకి రాగానే 'బోంజూర్' అని ఫ్రెంచిలో నమస్కారం పెడుతుందని పిల్లలు పెట్టిన పేరే అది, చివరికి ప్యూను కూడా అలాగే పిలిచేవాడు. అసలావిడ ఆ బడిలో చేరింది కుట్లు, అల్లికలు నేర్పడానికి. ఫ్రెంచి మాస్టారు ఉన్నట్టుండి వేరే ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోతే హెడ్‌మాస్టరు ఈవిణ్ణి పిలిచి, "మీరు కాలేజీలో ఫ్రెంచి చదివారటగా మేడం, ఈ ఒక్క ఏడాదీ ఎలాగోలా నెట్టుకురండి" అన్నాడు. ఆ ఒక్క ఏడాది ఇరవై ఏళ్ళు దాటింది. హెడ్‌మాస్టర్లు మారారు, నెట్టుకురావడం మారలేదు.

కాలేజీలో ఆవిడ చదివిందీ బట్టీయే. ఫ్రెంచి మాట్లాడగా విన్నది ఒక పాత కేసెట్‌లో. అదీ అరిగిపోయి, మాట్లాడే మనిషి నీళ్ళలో మునుగుతున్నట్టుండేది. పిల్లల కంటే ఒక్క పాఠం ముందుంటే చాలన్నది ఆవిడ సిద్ధాంతం. రాత్రి తను నేర్చుకున్నది పొద్దున వాళ్ళకు నేర్పేది. రెండో భాషగా ఫ్రెంచి తీసుకుంటే మార్కులు ధారగా పడతాయని ఊరంతా పేరు పడింది. పడకేం చేస్తాయి? చెప్పేది ఒకటే, రాసేది ఒకటే. ఎవరైనా అడ్డంగా ఒక్క ప్రశ్న వేస్తే ఏమవుతుందన్న భయం మాత్రం ఆవిడ కడుపులో ఇరవై ఏళ్ళుగా కాపురం ఉంది.

ఆ ఏడు ఆ భయమే తలుపు తట్టింది. ఇకనుంచి ఫ్రెంచికి నోటి పరీక్ష కూడా ఉంటుందని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. బయటి బడి నుంచి పరీక్షకుడు వస్తాడు. హాజరుపట్టీ వరసలో నలుగురేసి పిల్లల్ని గదిలోకి పిలుస్తాడు. ఒక్కొక్కరూ సొంత కుటుంబం గురించి చెప్పాలి. ఇద్దరు ఒకే జవాబు చెబితే అది బట్టీ కింద లెక్క, ఇద్దరికీ సున్నా.

అది చదివేసరికి బోంజూరమ్మ గుండెల్లో రాయి పడింది. డాక్టరు గారు ఒక్క వాక్యంతో చచ్చిపోయాడు. ఇప్పుడు క్లాసులో ఎందరు పిల్లలుంటే అందరు నాన్నల్ని పుట్టించాలి.

ఏడ్చి లాభం లేదని పని మొదలుపెట్టింది. మధ్యాహ్నం భోజనాల వేళ స్టాఫ్‌రూములో మూల బల్ల దగ్గర కూర్చుని పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచేది. "మీ ఇంటి సంగతి మామూలుగా చెప్పవే, నేను ఫ్రెంచిలో పెడతాను" అనేది. వాళ్ళు చెబుతుంటే కుడిచేత్తో అన్నం తింటూ, ఎడంచేత్తో నిఘంటువు తిరగేసేది. ఒకడి తండ్రి సైన్‌బోర్డులు రాస్తాడు, బల్లిని చూస్తే కుర్చీ ఎక్కుతాడు. ఒకమ్మాయి తండ్రి క్రేను నడుపుతాడు, ఇంట్లో మాత్రం బల్బు మార్చడానికి భార్యని స్టూలెక్కిస్తాడు. బోంజూరమ్మకు నవ్వొచ్చేది. ఇన్నేళ్ళూ ఈ జనాన్నందరినీ ఒక్క డాక్టరు కోటు కింద దాచేశానా అనుకునేది. భయం ఉన్నా, ఆ కొద్దిరోజులూ ఆవిడకు ఆ పని రుచించింది. నిజం చెప్పొద్దూ, టీచరైనందుకు మొదటిసారి కాస్త గర్వపడింది.

ఒకరోజు వసపిట్ట వంతు వచ్చింది. పేరుకు తగ్గ పిల్ల. నోరు మూసుకుని ఉన్నది నిద్రలోనే అయి ఉండాలి, అదీ అనుమానమే. "మా నాన్న లారీ డ్రైవర్ టీచర్! ఇంత పెద్ద లారీ! ఒక వారం ఉంటే రెండు వారాలుండడు. గడ్డం గీసుకునేటప్పుడు ఈల వేస్తాడు. నారింజపండు తొక్క తెగకుండా ఒలిచి నా మెళ్ళో దండ వేస్తాడు. ఎడమచేతి చిటికెనవేలు సగమే ఉంటుంది. ఏమైంది నాన్నా అంటే, ముద్దుగా ఉందని చేప తినేసిందంటాడు!" బోంజూరమ్మ పడీపడీ నవ్వింది. అన్నీ ఫ్రెంచిలో కుదిర్చి ఇచ్చింది. చేపతో సహా.

మర్నాడు మూగనోము వచ్చింది. అదీ పిల్లలు పెట్టిన పేరే. ఆ పిల్ల ఆ ఏడే బడిలో చేరింది. తల్లికి ఇక్కడి నూలు మిల్లులో పని దొరికి రైలుపట్టాల అవతలికి కాపురం మార్చారు. పిలిస్తే పలుకుతుంది, పిలవకపోతే లేనట్టే. బల్ల అంచు గోటితో గీకుతూ నెమ్మదిగా మొదలుపెట్టింది.

"మా నాన్న లారీ నడుపుతాడు టీచర్."

"ఊఁ."

"ఎక్కువ రోజులు ఉండడు. ఉన్నప్పుడు పొద్దున్నే ఈల వినిపిస్తుంది, గడ్డం గీసుకుంటూ. నారింజ తొక్కతో దండ చేసి..."

బోంజూరమ్మ కలం ఆగిపోయింది. "ఆగాగు. చేతికి వేలు కూడా సగమే ఉంటుంది కదూ?"

మూగనోము ముఖం వెలిగింది. "మీకెలా తెలుసు టీచర్? చేప తిందంటాడు."

ఇరవై ఏళ్ళు కాపీలు పట్టుకున్న మనిషికి కాపీ తప్ప ఇంకేం కనపడుతుంది? బోంజూరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. "సిగ్గు లేదుటే? లెక్కలు కాపీ కొడతారు, సైన్సు కాపీ కొడతారు, నాన్నను కూడా కాపీ కొడతారా? ఇదంతా నిన్న వసపిట్ట చెప్పింది! ఈల, దండ, వేలు, చేప, అక్షరం పొల్లు పోకుండా! పోయి మీ నాన్న గురించి చెప్పడం నేర్చుకునిరా. ఇద్దరూ ఒకటే చెబితే ఇద్దరికీ సున్నా, తెలుసా?"

ఆ పిల్ల ఏడవలేదు. "ఆయనే టీచర్ మా నాన్న" అంది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, "ఎవరు చెప్పారన్నారు?" అని అడిగింది. బోంజూరమ్మ మళ్ళీ చెప్పింది. మూగనోము తలూపి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు తలుపు దగ్గర కాసేపు నిలబడింది గాని, బోంజూరమ్మ అప్పటికే మరో పిల్లాణ్ణి పిలిచేసింది.

సాయంత్రం ఇంట్లో అత్తగారు బఠానీలు ఒలుస్తుంటే బోంజూరమ్మ పక్కన కూలబడి గోడు వెళ్ళబోసుకుంది. ఇంట్లో ఉన్నది వాళ్ళిద్దరే. మధ్యలో ఉండాల్సిన మనిషి ఏనాడో పోయాడు. వాళ్ళు మాత్రం ఒకరినొకరు దెప్పుకుంటూ హాయిగా బతికేస్తున్నారు.

"చూడండత్తయ్యా ఈ కాలం పిల్లలు! పక్కదాని నాన్నను ఎత్తుకొచ్చేసింది, వేలితో సహా."

అత్తగారు అంతా విని, ఒలుస్తున్న కాయ పళ్ళెంలో పడేసింది. "ఆ నోరులేని పిల్ల అసలు ఎవరితోనూ మాట్లాడదంటివి కదే. మరి వసపిట్ట దగ్గర ఎప్పుడు విందిట?"

"ఏమో. విని ఉంటుంది."

"నీ మొహం. కాపీ కొట్టేది ఎవరైనా మంచి నాన్నను కాపీ కొడతారు గాని, వేలు లేనివాణ్ణి కొడతారా? ఆ పిల్లలు కాపీ కొట్టలేదే. వాడే రెండు పడవల మీద కాళ్ళు పెట్టాడు."

బోంజూరమ్మ వేళ్ళమీద లెక్కేసింది. ఒక వారం ఇక్కడ, రెండు వారాలు లేడు. ఆ రెండు వారాల్లో ఒకటి అక్కడ. ఇద్దరి తండ్రుల పేర్లూ ఒకటే అయినా, ఆ పేరుగలవాళ్ళు వీధికి పదిమంది ఉంటారు కనుక ఎవరి దృష్టీ పడలేదు. "అయ్యో, అయ్యో! నేనేం చేశానత్తయ్యా! ఆ పిల్ల మొహంమీద కొట్టినట్టు చెప్పాను, వసపిట్ట నాన్న అని" అంటూ నెత్తిమీద చెయ్యి పెట్టుకుంది. ఆ పూట ఆవిడకు అన్నం సయించలేదు. ఆ పిల్ల తలుపు దగ్గర ఎందుకు నిలబడిందో ఇప్పుడర్థమైంది.

నాలుగు రోజులు మూగనోము బడికి రాలేదు. బోంజూరమ్మ రోజూ గేటువైపు చూడటమే పనిగా పెట్టుకుంది. అయిదో రోజు వచ్చింది. భోజనాల వేళ ఆవిడ పిలవకముందే మూల బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"నేను వెళ్ళి చూశాను టీచర్" అంది, ఎవరికీ వినపడనంత మెల్లగా. "మార్కెట్టు వెనక వాళ్ళ వీధి. లారీ ఆగి ఉంది. మా నాన్న గుమ్మంలో కూర్చుని వసపిట్టకు చెప్పులు కుడుతున్నాడు."

"నిన్ను చూశాడా?"

"లేదు."

"మీ అమ్మకు చెప్పావా?"

"లేదు. చెబితే అమ్మ అక్కడికెళ్తుంది. వెళితే దానికి తెలిసిపోతుంది. దానికేమీ తెలీదు టీచర్, పిచ్చిది. నేనెళ్ళేసరికి నవ్వుతోంది." ఆ పిల్ల మళ్ళీ బల్ల అంచు గోటితో గీకింది. "అది నన్నేమీ అనలేదు కదా ఎప్పుడూ."

బోంజూరమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, "నేను నిన్ను తిట్టింది తప్పేనే తల్లీ" అంది. తన డబ్బాలో మిగిలిన అన్నం ఆ పిల్ల ముందుకు జరిపింది.

కాని పరీక్ష ఆగదు కదా. హాజరుపట్టీలో ఇద్దరూ పక్కపక్కనే. ఒకే నలుగురిలో వస్తారు. వసపిట్ట ముందు, మూగనోము వెనక. ఒకే నాన్నను ఇద్దరూ చెబితే పరీక్షకుడు ఇద్దరికీ సున్నా వేస్తాడు. అంతకంటే ఘోరం, వసపిట్ట అక్కడే కూర్చుని వింటుంది. బోంజూరమ్మ హెడ్‌మాస్టరు దగ్గరికి పరిగెత్తింది.

"సార్, ఆ ఇద్దరినీ వేరువేరు జట్లలో వేయించండి సార్."

"ఎందుకు మేడం?"

"ఊరికే సార్. ఒకరిని చూసి ఒకరు కంగారు పడతారు."

"కంగారుకి కూడా జట్లు మారిస్తే సాయంత్రానికి క్లాసంతా నా గదిలో ఉంటుంది. వరస పైనుంచి వచ్చింది. గట్టి కారణముంటే చెప్పండి, రాసి పంపుతాను."

కారణం నాలిక చివరిదాకా వచ్చింది. చెబితే అది హెడ్‌మాస్టరు నుంచి గుమాస్తాకు, గుమాస్తా నుంచి స్టాఫ్‌రూముకు, అక్కడినుంచి మార్కెట్టు వెనక వీధికి పోవడానికి ఒక్కపూట చాలు. బోంజూరమ్మ మింగేసింది. "ఏం లేదులెండి సార్" అని బయటికొచ్చింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

వసపిట్టను తగ్గించి చూద్దామనుకుంది. "నాన్న గురించి అంతసేపెందుకే, ఒక్క ముక్క చెప్పి అమ్మ దగ్గరికి వెళ్ళిపో" అంది. "అమ్మో, నా చేప!" అని వసపిట్ట గుండెమీద చెయ్యేసుకుంది. ఆ పిల్ల నోటికి తాళం వెయ్యడం ఎవరి తరం?

ఇక మిగిలింది ఒక్కటే దారి. మూగనోముకు కొత్త నాన్నను తయారుచేసింది. దర్జీ. పొట్టిగా ఉంటాడు. టీ ఎక్కువ తాగుతాడు. పది వేళ్ళూ ఉన్నాయి. రోజూ బడి వదిలాక ఖాళీ క్లాసులో కూర్చోబెట్టి చెప్పించేది. ఆ పిల్ల తెలివైంది, ఒక్కసారి వింటే చాలు. అమ్మ గురించి గడగడా చెప్పేది, ఇల్లు గురించి చెప్పేది. "మా నాన్న దర్జీ" దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆగిపోయేది.

"ఉత్త పరీక్షకేనే. అబద్ధమని నీకూ తెలుసు, నాకూ తెలుసు."

"తెలుసు టీచర్. కాని ఆ దర్జీ మొహం ఎలా ఉంటుందో నాకు కనపడటం లేదు. ఎంత అనుకున్నా మా నాన్న మొహమే వస్తోంది." అని తల దించుకునేది. మళ్ళీ మొదటినుంచీ చెప్పేది. ఏ పూటా పూర్తిగా రాలేదు. పరీక్ష ముందురోజు ఒక్కసారి వచ్చింది. ఆ ఒక్కసారి పట్టుకుని బోంజూరమ్మ ఇంటికెళ్ళింది.

పరీక్షకుడు సన్నగా, చొక్కా గుండీలన్నీ పెట్టుకున్న మనిషి. కోపిష్ఠివాడేమీ కాదు. పక్క బళ్ళో అప్పటికే ఆరుగురు పిల్లలు ఒకే తెల్లకుక్కను పెంచుతుంటే ఆరుగురికీ సున్నా వేసి వచ్చాడట. బోంజూరమ్మను గదిలో వెనక బెంచీ మీద కూర్చోవచ్చన్నాడు, నోరు మాత్రం విప్పకూడదన్నాడు. మొదటి జట్లు గట్టెక్కాయి. సైన్‌బోర్డుల నాన్న, క్రేను నాన్న, అందరూ ఎవరి పిల్లల వెంట వాళ్ళు వచ్చి వెళ్ళారు. పరీక్షకుడు బోంజూరమ్మ వైపు చూసి మెచ్చుకోలుగా తలూపాడు. వేరే రోజైతే ఆవిడ గాలిలో తేలిపోయేది.

ఆ నలుగురూ వచ్చారు. మొదటివాడు ఏదో నసిగి కూర్చున్నాడు. వసపిట్ట లేచింది. ఫ్రెంచి రాకపోయినా ఫ్రెంచిలో వాగగల పిల్ల అది. లారీ చెప్పింది, ఈల చెప్పింది, దండ చెప్పింది, వేలు చూపించి చేప చెప్పింది. పరీక్షకుడు పగలబడి నవ్వాడు. "అలాంటి నాన్న ఒక్కడే ఉంటాడు" అన్నాడు ఫ్రెంచిలో. బోంజూరమ్మకు ఆ వాక్యం పూర్తిగా అర్థమైంది. అర్థం కాకపోయినా బాగుండేది.

"తర్వాత."

మూగనోము లేచి నిలబడింది. వసపిట్ట పక్కకు జరిగి, "భయపడకే" అని గుసగుసలాడింది. బోంజూరమ్మ కొంగు చివర నోట్లో కుక్కుకుంది. దర్జీ, దర్జీ అని లోపల జపం చేసింది.

"మీ నాన్న గురించి చెప్పు" అన్నాడు పరీక్షకుడు.

"మోఁ పేర్..." అంది మూగనోము. అంటే మా నాన్న. అక్కడే ఆగిపోయింది. పరీక్షకుడు కలం మూత తీశాడు. మళ్ళీ "మోఁ పేర్" అంది. దర్జీ రాలేదు. ఆ పిల్ల పక్కకు తిరిగి వసపిట్టను చూసింది. వసపిట్ట ధైర్యం చెబుతున్నట్టు నవ్వింది.

మూగనోము ముందుకు తిరిగి, ఒక్కొక్క మాటా విడివిడిగా, స్పష్టంగా అంది: "జె నే పా ద పేర్."

నాకు నాన్న లేడు.

ఆ వాక్యం బోంజూరమ్మ నేర్పింది కాదు. ఏ పాఠంలోనూ లేదు. నాకు పెన్సిల్ లేదు, నాకు గొడుగు లేదు అని నేర్పింది గాని, ఇది నేర్పలేదు. ఆవిడ బెంచీ అంచు గట్టిగా పట్టుకుంది. లేచి కాదు, కాదు అని అరవాలనిపించింది. అరిస్తే ఆ పిల్ల ఇచ్చుకున్నదంతా వృథా. అందుకే కూర్చుంది. కన్నీళ్ళు మాత్రం ఆవిడ మాట వినలేదు.

పరీక్షకుడి గొంతు మెత్తబడింది. క్షమించమన్నాడు. అమ్మ గురించి చెప్పమన్నాడు. మూగనోము చెప్పింది. మిల్లు, దారం, అమ్మ చేతులమీది దూది నలుసులు, ఒక్క తప్పు లేకుండా, ఎక్కడా ఆగకుండా. ఆయన ఏదో రాసుకుని, "బాగుంది, చాలా బాగుంది" అన్నాడు.

నాలుగోవాడి వంతు కూడా అయ్యి బోంజూరమ్మ వరండాలోకి వచ్చేసరికి వసపిట్ట ఆ పిల్లను వాటేసుకుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇన్నాళ్ళూ ఎందుకే చెప్పలేదు? నేనేమో నాన్న, నాన్న అని నీ ముందే వాగుతుంటిని. నా నోరు పడిపోను! ఇదుగో, ఏడవకు. ఆదివారం మా ఇంటికి రా. మా నాన్న వస్తున్నాడు. నిన్ను లారీలో ముందు సీట్లో కూర్చోబెట్టి తిప్పమంటాను. కావాలంటే నువ్వు కూడా నాన్నా అనే పిలు. ఏమీ అనుకోడు, మంచోడు."

మూగనోము ఆ పట్టులోంచి మెల్లగా బయటికి వచ్చింది. "ఈ ఆదివారమేనా?" అంది.

"అవునే, నిన్ననే ఫోన్ చేశాడు. ఏం, పనుందా?"

"మా ఇంటికి కూడా ఒకరొస్తామన్నారు ఆదివారం. రారని అమ్మకు చెప్పాలి."

వసపిట్ట, అయితే ఇంకో ఆదివారం రమ్మని, ముక్కు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. మూగనోము సంచి భుజానికి తగిలించుకుని గేటువైపు నడిచింది. బోంజూరమ్మకు లోపల ఇంకా రెండు జట్లున్నాయి. పరీక్షకుడు పిలుస్తున్నాడు. ఆవిడ వెనక్కి తిరిగి, "మీరు కానివ్వండి సార్, నేను లేకపోయినా వాళ్ళు చెబుతారు" అని, చెప్పులు సరిగా తొడుక్కోకుండానే ఆ పిల్లను అందుకుంది.

"పద. నేనూ వస్తాను మీ ఇంటికి."

"ఎందుకు టీచర్?"

"మీ అమ్మకు ఇదంతా నువ్వొక్కదానివే చెప్పక్కర్లేదు."

ఆ పిల్ల నడక కాస్త నెమ్మది చేసింది. మార్కెట్టువైపు కాకుండా రైలుపట్టాల వైపు తిరిగారు. గేటు పడి ఉంది. గూడ్సు బండి పెట్టె తర్వాత పెట్టె పోతూనే ఉంది. ఇద్దరూ సైకిళ్ళ మధ్య నిలబడ్డారు. బండి చప్పుడు తగ్గాక మూగనోము అడిగింది.

"టీచర్, మార్కులు వస్తాయా?"

"వస్తాయే. ఎందుకు రావు?"

"నాకు కాదు" అంది ఆ పిల్ల, పట్టాల వైపే చూస్తూ. "దానికి."